గురువారం కుర్చీలు

మా డే కేర్‌లో పదకొండు కుర్చీలు. వెనక్కి వాలే పెద్ద కుర్చీలు, నీలం రెక్సిన్. చేతులు ఆనించే చోట చిరిగితే ప్లాస్టర్ అంటించాం. మిగతా రోజుల్లో అన్ని రకాల రక్త క్యాన్సర్ల వాళ్లూ వస్తారు. గురువారం మాత్రం ఎక్కువమంది మైలోమా వాళ్లే. వారానికోసారి పొట్ట మీద ఇంజెక్షన్, నెలకోసారి ఎముకలకు డ్రిప్.

ఇంజెక్షన్ వెయ్యడానికి నాకు పట్టేది నిమిషం కూడా కాదు. దానికోసం వాళ్లు సూర్యాపేట నుంచో, ఖమ్మం నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు. రక్తం ఇవ్వాలి, కౌంట్స్ రావాలి, డాక్టరుగారు చూసి సంతకం పెట్టాలి, ఫార్మసీలో మందు కలిపి పంపాలి. అప్పుడు నా దగ్గరికి. నిమిషం పనికి ఐదారు గంటల కాపలా.

ఆ ఐదారు గంటల గురించే నేను చెప్పాలనుకుంటున్నాను. నర్సింగ్ కాలేజీలో దాని గురించి ఎవరూ నేర్పలేదు. డ్యూటీ చార్టులో దానికి గడి లేదు. కానీ ఈ వార్డులో నేను నేర్చుకున్న పనిలో సగం అదే: ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో తెలుసుకోవడం.

నేను ఈ వార్డుకి వచ్చింది 2006లో. ఇప్పుడు పొట్ట మీద వేసే ఈ మందు పేరు బోర్టెజోమిబ్. అప్పట్లో దాన్ని నరంలోకి ఇచ్చేవాళ్లం, వారానికి రెండుసార్లు. కాళ్లు తిమ్మిరెక్కి, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియక అలాగే నడిచి వచ్చేవాళ్లు. 2011, 12 ప్రాంతాల్లో అదే మందుని చర్మం కింద ఇస్తే పని అంతే చేస్తుందనీ, తిమ్మిర్లు తగ్గుతాయనీ తేలాక పొట్ట మీదికి మారాం. ఈ వారం బొడ్డుకి ఎడమ, వచ్చే వారం కుడి. మాకంటే వాళ్లకే బాగా గుర్తు. కొందరు క్యాలెండర్‌లో ‘ఎ’ అనీ ‘కు’ అనీ రాసుకుని వస్తారు. ఆ గుర్తులు పెట్టుకోమని మేం చెప్పలేదు. ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు.

ఈ జబ్బుకి ఒక తంటా ఉంది. పేరు ఎవరికీ తెలియదు. రొమ్ము క్యాన్సర్ అంటే ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. మైలోమా అంటే చుట్టాలకి చెప్పడం కూడా కష్టం. ఎముకల క్యాన్సరా అంటారు, రక్త క్యాన్సరా అంటారు. మన మూలగలో ప్లాస్మా కణాలని ఉంటాయి. రోగాలతో పోరాడే యాంటీబాడీలను తయారుచేయడం వాటి పని. వాటిలో ఒక కణం చెడిపోయి, అదే అదుపు లేకుండా పెరుగుతూ, ఎందుకూ పనికిరాని ఒకటే ప్రొటీన్‌ని కుప్పలుగా పోస్తుంది. దాని దెబ్బకి ఎముకలు గుల్లబారతాయి, రక్తం తగ్గుతుంది, మూత్రపిండాలు పూడుకుపోతాయి. ఇదంతా బయటికి మొదట కనిపించేది నడుము నొప్పిలా. నడుము నొప్పి ఎవరికి లేదు?

పోచంపల్లి వైపు నుంచి ఒక నేత పెద్దాయన వచ్చేవారు. నడుము నొప్పికి ఏడాదిపాటు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్లు వేయించుకున్నారు. ఆ జబ్బుకి ఆ ఇంజెక్షన్లు తోడై, ఇక్కడికి వచ్చేసరికి, మూత్రపిండాల పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ ఆరు దాటింది. మొదటి గురువారం ఎవరితోనూ మాట్లాడలేదు. తువ్వాలు మొహాన కప్పుకుని పడుకున్నారు. ఆయన్ని తీసుకెళ్లి ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరైన సూర్యాపేట ఆయన పక్కన కూర్చోబెట్టాను. కండక్టర్ గారికి జబ్బు వచ్చి అప్పటికి నాలుగేళ్లు.

“ఎక్కడెక్కినవే పెద్దమనిషీ?” అన్నారాయన. ఎప్పుడు బయటపడిందని ఆయన భాషలో అర్థం.

తువ్వాలు కిందనుంచే జవాబు. “గుంట మగ్గం మీద ముప్పై ఏండ్లు కూసున్న. నడుము నొయ్యక ఏం జేస్తది అనుకున్న.”

“నాకూ గట్లనే అన్నరు. బస్సుల నిలబడి నిలబడి నడుం పోయిందన్నరు. మా మేనల్లుడు రోజూ తైలం రుద్దిండు. ఎముక ఇరిగేదాంక రుద్దిండు.”

తువ్వాలు తొలిగింది. నేను ఆ పెద్దాయనకి అరగంట కూర్చుని చెప్పినా రానిది ఆ మాటతో వచ్చింది. ముందే రాకపోవడం తన తప్పని ఆయన కుమిలిపోతున్నారు. తప్పు కాదని డాక్టరు చెబితే అది ఓదార్పు. అదే తప్పు తనూ చేసినవాడు నవ్వుతూ చెబితే, అప్పుడు బరువు దిగుతుంది.

కండక్టర్ గారు కొత్తవాళ్లందరికీ ఒక మాట చెప్పేవారు: “ఇది ఎక్స్‌ప్రెస్ కాదు, పల్లెవెలుగు. ప్రతి స్టేజీల ఆగుతది. కిటికీ పక్క సీటు చూసుకుని కూసోవాలె.” మైలోమాని ఇంతకంటే బాగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చదవలేదు. మందులకి లొంగుతుంది, నెలలో ఏళ్లో నిద్రపోతుంది, మళ్లీ లేస్తుంది, వేరే మందు మొదలవుతుంది. పూర్తిగా పోయిందని చెప్పలేం, అయిపోయిందనీ చెప్పలేం. ఆ మధ్య బతుకుని ఎలా బతకాలో తెలిసింది అందులో ఉన్నవాళ్లకే.

టీచరమ్మ అని ఇంకొకావిడ. తెనాలి దగ్గర హైస్కూల్లో చేసి, కొడుకు ఇంట్లో ఉండి వైద్యం చేయించుకోవడానికి హైదరాబాద్ వచ్చారు. ఆవిడకి ట్రాన్స్‌ప్లాంట్ అన్నారు. తన కణాలే తీసి దాచి, మెల్ఫలాన్ అనే మందు పెద్ద మోతాదులో ఇచ్చి, మళ్లీ ఆ కణాలే ఎక్కిస్తారు. రెండు వారాలపాటు కౌంట్స్ సున్నాకి చేరువలో ఉంటాయి. నోట్లో పుళ్లు రాకుండా మందు ఎక్కేటప్పుడు ఐస్ ముక్కలు చప్పరించమంటాం. చల్లదనానికి నోట్లో రక్తనాళాలు ముడుచుకుని, మందు అక్కడికి తక్కువ చేరుతుంది. డాక్టరుగారు చెప్పారు, నేను చెప్పాను, ఆవిడ తలూపారు. కండక్టర్ గారు అటు తిరిగి అన్నారు:

“పండ్లు జివ్వుమంటయ్ మేడం. అర్ధగంట కాంగనే ఇగ చాలనిపిస్తది. పారేయకుండ్రి. నేను పారేసిన. తొమ్మిది దినాలు ఉమ్మి మింగలేదు.”

టీచరమ్మ ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నారు. మేం చెప్పింది రాసుకోలేదు. ట్రాన్స్‌ప్లాంట్ గదిలో ఆవిడ కప్పు తర్వాత కప్పు ఐస్ అడుగుతుంటే అక్కడి సిస్టర్ నాకు ఫోన్ చేసి, ఈవిడకి ఎవరు చెప్పారు ఇంత గట్టిగా అని అడిగింది.

పేషెంట్ల సంగతి ఇలా ఉంటే, వరండాలో బెంచీల మీద ఇంకో లోకం. భార్యలు, కొడుకులు, కోడళ్లు. అక్కడ నడిచే కబుర్లకి కేంద్రం డెక్సామెథసోన్. అందరూ డెక్సా అంటారు. గురువారం పొద్దున టిఫిన్ కాగానే 4 మిల్లీగ్రాముల బిళ్ళలు పది మింగాలి. పెద్దవయసు వాళ్లకి తక్కువ. షుగర్ పెరుగుతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు. “మా ఆయన రాత్రి రెండింటికి లేచి బీరువా అంతా సర్దాడు” అని ఒకావిడ. “మీదే నయం. మా ఆయన గోడ గడియారం విప్పాడు, ఇంతవరకు బిగించలేదు” అని ఇంకొకావిడ. ఒకరోజు ఖమ్మం నుంచి కొత్తగా వచ్చినావిడ ఈ నవ్వుల మధ్యలో ఏడ్చేసింది. ముప్పై ఏళ్లలో గట్టిగా మాట్లాడని మనిషి మొన్న కంచం విసిరాడట.

పక్కావిడ నవ్వడం ఆపి ఒకటే అడిగింది. “ఏ రోజు?”

“శనివారం.”

“అయితే అది ఆయన కాదమ్మా, బిళ్ళలు. రెండో రోజు దిగేటప్పుడు అట్లాగే ఉంటది. శనివారం నేను మా ఆయన్ని ఏమీ అడగను. ఆదివారం అడుగుతా.”

ఆ తర్వాత నేను ఖమ్మం ఆవిడని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లి ఆ సంగతి చెప్పించాను. మోతాదు తగ్గించారు. ఇది ముఖ్యం. పక్కవాళ్ల మాట ధైర్యాన్నిస్తుంది, కానీ దానితో సరిపెట్టుకుని డాక్టరుకి చెప్పడం మానేస్తే ప్రమాదం. తిమ్మిర్ల విషయంలోనూ అంతే. చెబితే మందు ఆపేస్తారేమోనని దాస్తారు. దాచినవాళ్లకి చివరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా రాకుండా పోతుంది. “చెప్పు, వాళ్లు మందు తగ్గిస్తరు, ఆపరు” అని పాతవాళ్లు చెబితేనే నమ్ముతారు.

పక్క కుర్చీలో మంచే ఉంటుందని నేను అనడం లేదు. ఒకసారి నాలుగు వారాల్లో వార్డంతా గ్రీన్ టీ పాకింది. ఎవరి కూతురో అమెరికా నుంచి పంపిందట, క్యాన్సర్‌కి మంచిదట. ఫ్లాస్కుల్లో తెచ్చి పంచుకుంటున్నారు. గ్రీన్ టీలో ఉండే ఒక పదార్థం బోర్టెజోమిబ్‌ని పట్టేసి దాని పని చెడగొడుతుందని 2009లో ప్రయోగశాలలో చూశారు. ఆ రోజు నేను కుర్చీ కుర్చీకీ తిరిగి చెప్పాల్సి వచ్చింది. తెచ్చినావిడ మొహం చిన్నబోయింది. “ప్రేమతో తెచ్చారు, అది తెలుసు. ఇకమీదట ఏది పంచాలన్నా ముందు నాకు చూపించండి” అన్నాను. ఆవిడ తర్వాతి వారం మురమురాలు తెచ్చి, అందరి ముందూ నాకు చూపించి పంచింది.

రెండో ప్రమాదం కాగితాలు. రిపోర్టులు ఒకరివి ఒకరు చూసుకుంటారు, ముఖ్యంగా ఆ పనికిరాని ప్రొటీన్ ఎంతుందో చెప్పే ఎం బ్యాండ్ అంకె. “మీ ఎం బ్యాండ్ ఎంత? నాది 0.4.” “నాది ఇంకా 2.1 ఉంది” అని ఒకరు, ఆ రాత్రి అన్నం మానేస్తారు. ఒకరిది ఒక రకం ప్రొటీన్, ఇంకొకరిది దాని ముక్కలు, అంటే లైట్ చెయిన్స్ మాత్రమే. ఒకరు మూడుతో మొదలుపెట్టారు, ఒకరు ఏడుతో. పోలికే కుదరదు. అందుకే నాది ఒకటే పాట: మీ కాగితాన్ని మీ పాత కాగితంతోనే పోల్చుకోండి.

అందరికీ పక్క కుర్చీ కావాలనీ లేదు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసిన ఒకాయన మొదటి రోజే చెప్పారు, “సిస్టర్, నేను మాట్లాడటానికి రాలేదు.” ఆరేళ్లుగా ఆయన్ని గోడ వైపు కుర్చీలోనే కూర్చోబెడుతున్నాను. అదీ కుర్చీలు సర్దడమే.

ఇక, జబ్బు సంగతి పేషెంట్‌కి చెప్పని కుటుంబాలు. మన దగ్గర ఇది మామూలు. ఒక కిరాణా కొట్టు ఆయన్ని కొడుకు తీసుకొచ్చాడు. “నాన్నగారికి రక్తం తక్కువని చెప్పాం సిస్టర్. క్యాన్సర్ అన్న మాట రానీయకండి.” కుర్చీ కోసం చూస్తే టీచరమ్మ పక్కనే ఖాళీ. గుండె గుబగుబలాడుతూనే కూర్చోబెట్టాను. పది నిమిషాలకి ఆయన అడగనే అడిగారు: “మీకూ రక్తం తక్కువేనా అమ్మా?”

టీచరమ్మ నా వైపు చూశారు. నేను డ్రిప్ సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను. “తక్కువేనండి. ఇంకొన్ని కూడా ఉన్నాయి” అన్నారావిడ.

ఆయన గొంతు తగ్గించారు. “నాకూ ఉన్నాయిలెండి. ఫైలు మీద ఆంకాలజీ అని రాసుంది, ఇంటర్ దాకా చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? మావాడి ముందు మాత్రం అనకండి. తట్టుకోలేడు.”

తండ్రికి తెలియకూడదని కొడుకు, తనకి తెలుసని కొడుక్కి తెలియకూడదని తండ్రి. మూడు వారాలు అలా నడిపారు. నాలుగో వారం వరండాలో ఆడవాళ్లే ఆ అబ్బాయిని కూర్చోబెట్టి నచ్చజెప్పారు. ఆ రోజు తండ్రీ కొడుకులు క్యాంటీన్‌లో ఒకే ప్లేటు ఇడ్లీ తింటూ చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తిరిగొచ్చి ఆ అబ్బాయి నన్ను మొదటిసారి మందు పేరు రాసిమ్మని అడిగాడు.

ఆ మందుల్లో ఒకటి లెనాలిడోమైడ్. 21 రోజులు రోజుకో క్యాప్సూల్, 7 రోజులు విరామం. ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉంటే దాన్ని ముట్టుకోనివ్వకూడదని మొదటి రోజే చెబుతాం. దాని కథ ఒకటి నేను వరండా బెంచీల మీద చాలాసార్లు చెప్పాను. నాకు ఒక నైట్ డ్యూటీలో మా పెద్ద డాక్టరుగారు చెప్పారు. థాలిడోమైడ్ తెలుసు కదా, గర్భిణులు వేవిళ్లకి వాడితే బిడ్డలు కాళ్లు చేతులు సరిగా లేకుండా పుట్టిన మందు. 1961లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయడం మొదలుపెట్టారు. 1997లో అమెరికాలో ఒకావిడ భర్తకి మైలోమా ముదిరిపోయింది, అన్ని మందులూ అయిపోయాయి. ఆవిడ ఊరుకోలేదు. కనిపించిన వ్యాసమల్లా చదివి, కనిపించిన నంబరుకల్లా ఫోన్ చేసి, బోస్టన్‌లో జూడా ఫోక్‌మన్ అనే శాస్త్రవేత్తని పట్టుకుంది. కణితికి రక్తనాళాలు పెరగకుండా ఆపితే అది ఎండిపోతుందని చెప్పినాయన ఆయన. థాలిడోమైడ్ వేసి చూడమన్నారు. అర్కాన్సాస్‌లో బార్ట్ బార్లొగీ అనే డాక్టరు వేసి చూశారు. ఆవిడ భర్త దక్కలేదు. కానీ తర్వాత అదే మందు వేసుకున్న ఇంకొకరికి పనిచేసింది. 1999లో అచ్చయిన లెక్క ప్రకారం, వేరే దారి లేని 84 మందిలో దాదాపు మూడోవంతుకి జబ్బు తగ్గింది. దాని వారసత్వంగా వచ్చిందే లెనాలిడోమైడ్. దాన్నిప్పుడు మన హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీలే తయారుచేస్తున్నాయి.

ఈ కథ విన్నప్పుడల్లా బెంచీ మీద ఎవరో ఒకరు అడుగుతారు, “మరి ఆవిడ భర్తకి?” దక్కలేదంటే కాసేపు ఎవరూ మాట్లాడరు. కండక్టర్ గారి భార్య ఒకసారి అంది: “ఆమె మొగనికి అందలే గని, నా మొగనికి అందింది.”

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

కండక్టర్ గారికి జబ్బు మూడోసారి లేచింది. ఈసారి మందులకి లొంగలేదు. నిమోనియా పట్టుకుంది. ఒక సోమవారం పోయారు. గురువారం ఆయన కుర్చీ ఖాళీ. నేత పెద్దాయన అడిగారు, “కండక్టర్ రాలేదేంది బిడ్డా?” పది జతల కళ్లు నా మీద. “ఊళ్లోనే ఉన్నారు. అక్కడే మందు వేయించుకుంటున్నారు” అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట. భయపడతారనుకున్నాను. ఆ రోజు కొత్తవాళ్లు ఇద్దరున్నారు. ఇంజెక్షన్లు సవ్యంగా అయిపోవాలనుకున్నాను.

టీచరమ్మకి ఆయన నంబరు ఉంది. ఏదో సందేహం అడుగుదామని ఆదివారం ఫోన్ చేశారు. భార్య ఎత్తింది. పెద్దకర్మ పనుల్లో ఉన్నారు.

తర్వాతి గురువారం వార్డులో నాతో ఎవరూ మాట్లాడలేదు. చొక్కా ఎత్తమంటే ఎత్తారు, దించమంటే దించారు. సాయంత్రం వెళ్లేటప్పుడు టీచరమ్మ ఆగారు. “సిస్టర్, ఆయన పోయారంటే మేం భయపడేవాళ్లం, నిజమే. ఇప్పుడు అంతకంటే పెద్ద చిక్కొచ్చింది. నా రిపోర్టు బాగుందని మీరు ఇందాక అన్నారు. నిజంగా బాగుందా, నేను భయపడతానని అన్నారా?”

నా దగ్గర జవాబు లేదు. రిపోర్టు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. అంకె మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ చూసుకుని వెళ్లిపోయారు.

అంతవరకు వాళ్ల మధ్య నడిచేది నేను కూర్చోబెడితే జరుగుతోందనుకున్నాను. ఒకరినొకరు నమ్ముకుని నడుస్తోంది అది. నేను ఒక అబద్ధంతో ఆ నమ్మకానికే గండి కొట్టాను. ఆ వారం నుంచి పద్ధతి మార్చాం. ఎవరైనా పోతే, కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనంటే, తర్వాతి గురువారం ఇంజెక్షన్లు మొదలుపెట్టకముందే చెబుతాను. పేరు, ఏమైందో రెండు ముక్కలు. తర్వాత డాక్టరుగారు ఐదు నిమిషాలు ఉంటారు, అడిగేవాళ్లు అడుగుతారు. చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: నాకూ అలాగే అవుతుందా? దానికి జవాబు మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది, అందుకని ఒక్కొక్కరికీ విడిగా చెబుతారు. వినడం ఇష్టం లేనివాళ్లు ఆ కాసేపు వరండాలోకి వెళ్లొచ్చు. గోడ వైపు కుర్చీ ఆయన వెళ్తారనుకున్నాను. వెళ్లలేదు. గోడ వైపే తిరిగి విన్నారు.

నెల దాటాక కండక్టర్ గారి భార్య వచ్చింది. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో మిగిలిపోయిన క్యాప్సూల్ స్ట్రిప్పులు. “గింత ఖరీదు మందు సిస్టర్, ఎవరికన్న ఇయ్యిర్రి.” చేతిలో పెట్టి పంచే మందు కాదని చెప్పి, స్ట్రిప్పులు ఫార్మసీలో అప్పగించాం. రెండో సంచిలో ఆయన నడుము బెల్టు. వెన్నుపూసలకి ఊతంగా కట్టుకునే గట్టి బెల్టు. ఉతికి, ఆరేసి, మడతపెట్టి తెచ్చింది. ఇస్త్రీ కూడా చేయబోయిందట, పట్టీలు కాలుతాయని కూతురు ఆపింది.

నేను లోపలికి వెళ్లి వచ్చేసరికి ఆవిడ వెళ్లిపోలేదు. వరండా బెంచీ మీద, ఆ ఉదయమే మొదటిసారి వచ్చిన ఒక అమ్మాయి పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయేమో, తండ్రిని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఫైలులో కాగితాలు ఎటుపోయాయో తెలియక తడబడుతోంది. ఆవిడకి చదువు రాదు. కానీ ఏ రంగు కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో, ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఎన్నింటికి నిలబడితే తొందరగా అవుతుందో, రైల్లో పేషెంట్‌కీ తోడు వచ్చేవాళ్లకీ రాయితీ ఫారం మీద ఎవరి ముద్ర పడాలో ఇన్నేళ్ల తిరుగుడులో కంఠతా వచ్చింది. “పచ్చ కాయితం పైన పెట్టు బిడ్డా” అంటోంది.

తన భర్త సంగతి ఆ పిల్ల అడిగిందో లేదో, ఈవిడ చెప్పిందో లేదో నేను వినలేదు. విననక్కరలేదనిపించింది.

బెల్టుని మా డాక్టరుగారికి చూపించి, కొలత సరిపోతుందన్నాక నేత పెద్దాయనకి ఇచ్చాం. ఆయన కొన్నాళ్లు కట్టుకుని, ఎముకలు కాస్త గట్టిపడ్డాక తిరిగి తెచ్చారు, ఉతికి. అప్పటి నుంచి అది నా అల్మరాలో కింది అరలో ఉంటుంది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకెళ్తారు, పని అయ్యాక ఉతికి తెస్తారు. ఉతకమని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడది నాలుగో నడుము మీద ఉంది. పోయిన గురువారం అది కట్టుకున్నాయన కొత్తగా వచ్చిన ఒకాయన్ని అడుగుతుంటే విన్నాను, ఎక్కడి నుంచి నేర్చుకున్నారో మరి:

“ఎక్కడెక్కినవే?”